రెండో వరుస

నాలుగున్నరకు ల్యాబు మూసుడు.
పరకాల బస్సు నాలుగు యాభైకి.
ఉదయశ్రీ ఇంకా పదమూడో సిస్టమ్ ముందట్నే ఉన్నది,
చున్నీ కొన వేలికి చుట్టుకుంట, విప్పుకుంట.

"సార్, పాండాస్ లేదంటున్నది."
"ఎక్కియ్యి మరి."
"ఎక్కిచ్చిన. మూడుసార్లు."

నిజమే. నల్ల తెర మీద
ఇదివరకే ఉన్నది, ఇదివరకే ఉన్నదని పిప్ ఒట్టు పెడుతున్నది.
పక్క కిటికీల ఆమె ప్రోగ్రాము
మొదటి వరుస మీదనే కాలు జారి
అసొంటి మాడ్యూలే లేదు పొమ్మంటున్నది.
ఒక్కటే మిషిన్, రెండు నోళ్లు.
అబద్ధం మాత్రం ఎవ్వరూ ఆడుతలేరు.

ఆమె చేసేది పెద్ద పనేం గాదు.
ఏనుమాముల మార్కెట్ల తేజ, చపాట
ఏ రోజు ఏ ధర పలికినయో
రెండేండ్ల లెక్కను ఒక గీతగ గీసి చూపెట్టాలె, అంతే.
ధరలన్నీ నాయిన చెప్తుంటె రాసుకున్నది
కాటా చిట్టీల వెనుక.
ఫైలు తెరిస్తే తుమ్మొస్తదేమో అనిపిచ్చింది నాకు.

నాకు తెలిసినవన్నీ చేసిన.
బందుబెట్టి మల్ల పెట్టిన.
ఇంటర్నెట్ వైరు పీకి, ఊది, గుచ్చిన.
అక్షరం అక్షరం చూసిన. యాంటీవైరస్‌ను తిట్టిన.
పదకొండేండ్ల సంది ఈ గదికి తాళం తీసేటోన్ని,
ఇంతకంటె నాకూ రాదని
ఆ పిల్లకు చెప్పనీకి నోరు రాలే.

అప్పుడు ఆమే అన్నది, నాతోని గాదు, తెరతోని:
"మా నాయిన ఒకపారి నలభై బస్తాలు దింపిండు
లక్ష్మీ ట్రేడర్స్‌ల.
చెమటంత ఆరినంక తెలిసింది
ఆ లైన్ల లక్ష్మీ ట్రేడర్స్‌లు రెండున్నయని.
సరుకు ఒక దుకాణంల.
రైతు ఇంకో దుకాణం ముందల నిలబడి
నా మిర్చి ఏదని మొత్తుకునుడు.
అప్పటిసంది నాయిన బోర్డు సదువడు.
షట్టర్ నంబరు అడుగుతడు."

ఫ్యాన్ కిర్రుమన్నది.
ఆమె కొట్టింది ఒక్క మాట,
పైథాన్ అనేటోడు ఏడేడ ఉంటడో చెప్పుమని.

రెండు వరుసలొచ్చినయి.

కిందిది సీ డ్రైవుల, మొన్న జూన్ల కాలేజీ పెట్టిచ్చింది.
పైది డీ డ్రైవుల.
ఫోల్డరు పేరు ఫసి.

ఫసియుద్దీన్ సార్.
నిర్మల్‌కు బదిలీ అయి ఆరేండ్లు.
ఒక ముసురు సాయంత్రం ఆయన అడిగితె
నేనే ఎక్కిచ్చిన, ఈ చేతులతోనే.
దారిల చేర్చాల్నా అని అది అడిగితె
చాయ చల్లారుతదని ఒక టిక్కు కొట్టిన.
ఆ టిక్కు ఇన్నేండ్లు సప్పుడు లేకుంట
అందరికంటె ముందల కూసున్నది.
సామాను కొత్తింట్ల దిగుతున్నది,
ప్రోగ్రాము పోయి పాతింటి తలుపు కొడుతున్నది.
ఒక పుట్టల రెండు పాములు. వాటికేం తెలుసు,
పిలిచేటోనికి పేరొక్కటే వచ్చు.

"తీసేద్దామా సార్?"

ఫోల్డరు తెరిచి చూసిన.
ఎన్నడో ఫైనలియర్ పిల్లల హాజరు లెక్కలు,
సగంల ఆగిన ఒక ప్రోగ్రాము,
ఆఖరి వరుసల ఆయన రాసుకున్న మాట:
రేపు చూడాలె.
తీసేయబుద్ధి గాలే.
రెండో వరుసను ఒక మెట్టు పైకి జరిపిన, అంతే.
నల్ల తెర మూసి మల్ల తెరిచిన.

ఏ గొడవ లేకుంట గీత లేచింది.
లేచి, పడి, ఫిబ్రవరిల బాగ పైకి పోయి
మార్చి కాడ పుటుక్కున తెగింది.
నా గుండె కలుక్కుమన్నది. "మల్ల ఏం తప్పొచ్చింది?"

"తప్పు గాదు సార్. హమాలోళ్ల సమ్మె.
పదకొండు రోజులు మార్కెట్ తెరవలే,
నాయిన ఇంట్ల గోడకు కూసున్నడు."

అతికేది ఒకటుంటది కద, చుక్కకు చుక్క కలిపేది,
అది కొడితె నున్నగ వస్తదన్న.
వద్దన్నది. ఆ సందు అట్లనే ఉండనీయమన్నది.

బస్సు ఎప్పుడో పోయింది.
ఆరింటి దాన్క ఇంకోటి లేదు.